బాధ అనే మాట: ఎవరు పడతారు, ఎవరు పెడతారు, ఎప్పుడు తీరుతుంది

"అనువాదం చేస్తుంటే ప్రతిచోటా 'బాధ' అన్న మాటే వచ్చి కూర్చుంటోంది. నొప్పికీ అదే, కష్టానికీ అదే, దుఃఖానికీ అదే. అసలు ఈ మాటకి అర్థం ఏమిటి, ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కాస్త వివరంగా చెబుతాను.

బాధకి అర్థం నిఘంటువులో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం దాని పక్కన చేరే క్రియలో ఉంటుంది. బాధ పడడం వేరు, పెట్టడం వేరు, వేయడం వేరు, తీరడం వేరు. అందుకే "ఇక్కడ బాధ అనాలా, వేదన అనాలా" అన్న ప్రశ్న కన్నా ముందు "ఈ బాధ ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎవరి మీద పడుతోంది" అని చూసుకోండి. అది తేలితే క్రియ తేలుతుంది, క్రియ తేలితే మాట దానంతట అదే కుదురుతుంది.

మాట మూలం దగ్గర మొదలుపెడదాం. బాధ సంస్కృతం నుంచి వచ్చిన తత్సమం. 'బాధ్' అనే ధాతువుకి ఒత్తడం, అడ్డుకోవడం, వెనక్కి నెట్టడం, పీడించడం అని అర్థాలు. అంటే మొదట్లో ఇది మనసులో కలిగే భావం పేరు కాదు. బయటినుంచి మీద పడి ఒత్తే దాని పేరు. ఆ పాత అర్థం తెలుగులో ఇంకా బతికే ఉంది. "సాధక బాధకాలు చూసుకుని దిగు" అంటాం కదా, అక్కడ సాధకం అంటే పని జరగడానికి తోడ్పడేది, బాధకం అంటే అడ్డుపడేది. ఏడుపుతో సంబంధమే లేదు. వ్యాకరణంలో ప్రత్యేక సూత్రం సామాన్య సూత్రాన్ని "బాధిస్తుంది" అంటారు, అంటే దాన్ని పక్కకి తోసి తన పని చేసుకుపోతుంది. చీకట్లో తాడుని చూసి పామనుకున్నామనుకోండి, అది తాడని తెలిసిన క్షణంలో పామన్న జ్ఞానం "బాధితమైంది" అంటారు అద్వైతం చెప్పేవాళ్ళు. పాముకి నొప్పి కలిగిందని కాదు, ఆ జ్ఞానం రద్దయిందని. శాస్త్రగ్రంథాలు అనువదించేవాళ్ళు ఇక్కడ తరచూ బోర్లాపడతారు.

బాధ్యత కూడా ఈ ఇంటి పిల్లే. బాధ్యం అంటే ఒత్తిడికి లోబడేది, కట్టుబడక తప్పనిది. "ఈ ప్రమాదానికి బాధ్యులెవరు" అన్నప్పుడు ఆ భారం ఎవరి మీద పడుతుంది, ఎవరు తప్పించుకోలేరు అని అడుగుతున్నాం. హిందీలో 'బాధ్య' అంటే ఇప్పటికీ గత్యంతరం లేనివాడనే అర్థం. పత్రికల్లో కనిపించే "ప్రజల ఈతిబాధలు" అన్న మాట కూడా చూడండి. ఈతి అంటే పంటకీ దేశానికీ వచ్చే ఉపద్రవం. అతివృష్టి, అనావృష్టి, ఎలుకలు, మిడతలు, చిలుకలు, పొరుగు రాజుల దాడి, ఈ ఆరింటినీ ఈతులని పాతకాలం నుంచి లెక్కపెట్టారు. ఈతిబాధ అంటే వాటివల్ల పడే ఒత్తిడి. దాన్ని "ఇతి బాధలు" అని రాస్తే అర్థమే పోతుంది. 'ఇతి' అంటే 'అని', 'ఇలా' అని మాత్రమే.

ఈ "బయటినుంచి ఒత్తేది" అన్న అర్థం వల్లే తెలుగులో బాధకి ముందు పేరు చేర్చడం అంత సులువు. దోమల బాధ, కోతుల బాధ, అప్పుల బాధ, ఆకలి బాధ. ముందున్న పేరు ఒత్తేదాన్ని చెబుతుంది. ఇక్కడ వేదన పెట్టి చూడండి: "దోమల వేదన" అంటే దోమలే ఏడుస్తున్నట్టుంటుంది. అదే తేడా. వేదనకి ముందు వచ్చేది సాధారణంగా అనుభవించేవాళ్ళ పేరు: తల్లి వేదన, రైతు వేదన. బాధకి ముందు అనుభవించేవాళ్ళూ రావచ్చు, పెట్టేవీ రావచ్చు. "రైతు బాధ" అంటే రైతు పడేది, "అప్పుల బాధ" అంటే అప్పులు పెట్టేది. "అత్తగారి బాధ" అని ఒంటరిగా రాస్తే అత్తగారు పడుతోందో పెడుతోందో తెలీదు, రెండర్థాలూ వస్తాయి. అలాంటి చోట క్రియ చేర్చి విడగొట్టక తప్పదు. ఇంకో చిన్న మెలిక: దోమల బాధ అంటే దోమలు ఉండడం వల్ల, డబ్బు బాధ అంటే డబ్బు లేకపోవడం వల్ల. రెంటికీ రూపం ఒకటే. లేమిని స్పష్టంగా చెప్పాలంటే 'కి' పెట్టండి: "తిండికి బాధ లేదు", "నీళ్ళకి బాధగా ఉంది". ఇలా 'కి' వస్తే ఆ వస్తువు కరువని వినేవాళ్ళకి సందేహం ఉండదు. దోమల బాధ లాంటి చోట, ముఖ్యంగా బెదురు కూడా ఉన్నప్పుడు, బెడద అన్న మాట ఇంకా బాగా అతుకుతుంది. కోతుల బెడద, అడవిపందుల బెడద.

ఇప్పుడు క్రియల దగ్గరికి వద్దాం. అసలు విషయం ఇక్కడే ఉంది.

"నాకు బాధగా ఉంది." ఇది స్థితి. ఎప్పుడు మొదలైందో చెప్పడం లేదు, ఎవరినీ తప్పు పట్టడం లేదు. "నాకు బాధేసింది" అంటే ఒక సంఘటన. విన్నప్పుడో చూసినప్పుడో ఒక్కసారిగా కలిగింది. ఆకలేసింది, భయమేసింది, జాలేసింది, సిగ్గేసింది, వీటి వరసలోదే బాధేసింది. మన ప్రమేయం లేకుండా లోపలినుంచి లేచే వాటికి తెలుగు 'వేయు' తగిలిస్తుంది. కానీ అన్నిటికీ తగలదు. దుఃఖం వేయదు, వస్తుంది, పొర్లుకొస్తుంది. కోపం కూడా వస్తుందే కానీ వేయదు. నొప్పి పుడుతుంది, లేస్తుంది, పెడుతుంది. కష్టం వస్తుంది, కలుగుతుంది. "వార్త విని కష్టం వేసింది" అని ఎవరూ అనరు, "మనసుకి కష్టంగా అనిపించింది" అంటారు. "బాధ కలిగింది" అన్నది బాధేసింది కన్నా ఒక మెట్టు మర్యాదైన రూపం, ఉత్తరాల్లో, ప్రసంగాల్లో బాగుంటుంది.

"నేను బాధపడ్డాను" దగ్గర వాక్యం అల్లిక మారుతుంది. 'నాకు' పోయి 'నేను' వచ్చింది. అంటే ఆ బాధలో నా పాత్ర కూడా కొంత ఉంది, దాన్ని మనసులో పెట్టుకున్నాను, తలుచుకున్నాను. పరీక్ష ఒకటుంది: ఓదార్చేటప్పుడు "బాధపడకు" అనగలం, "బాధపడకండి", "బాధపడకమ్మా" అనగలం. "నీకు బాధేయకు" అనలేం. చేతిలో ఉన్నదాన్నే కదా మానమని చెప్పగలం. బాధపడడానికి పశ్చాత్తాపం వాసన కూడా ఉంది. "తొందరపడి అన్నానని తర్వాత బాధపడ్డాడు" అంటే నొచ్చుకున్నాడనే కాదు, తప్పు తెలుసుకున్నాడని కూడా. ఈ నీడ "బాధేసింది"లో రాదు.

బాధపడడానికి కారణం ఏ ప్రత్యయంతో చెప్పాలన్నది కూడా చాలామంది పొరబడే చోటు. జరిగిన సంగతికి 'అందుకు' లేదా 'అని' వస్తుంది: "పిలవనందుకు బాధపడింది", "పిలవలేదని బాధపడింది". ఈ రెండూ ఒకటి కావు. "పిలవనందుకు" అంటే పిలవకపోవడం నిజం. "పిలవలేదని" అంటే ఆమె అలా అనుకుంది, పిలుపు అందలేదేమో కూడా. కథ రాసేవాళ్ళకి ఈ తేడా ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు. రోగానికి 'తో' వస్తుంది: "ఉబ్బసంతో బాధపడుతున్నారు". మనుషుల విషయంలో 'గురించి' వస్తుంది: "కొడుకు గురించి బాధపడుతోంది". "కొడుకుతో బాధపడుతోంది" అంటే కొడుకే ఆమెని పీడిస్తున్నాడన్న అర్థం వచ్చేస్తుంది. ఒక్క ప్రత్యయం మారితే కొడుకు బాధితుడల్లా బాధకుడవుతాడు.

బాధపెట్టడం, బాధించడం. రెండూ సకర్మకాలే, రెంటికీ 'నన్ను', 'ఆయన్ని' కావాలి. బాధపెట్టడంలో చేసినవాడి చెయ్యి కనిపిస్తుంది, ఒక పనో మాటో గుర్తుకొస్తుంది. బాధించడం ఎక్కువగా కొనసాగే వాటికి, మనిషి కాని వాటికి సరిపోతుంది: "ఆ మాట ఇప్పటికీ నన్ను బాధిస్తోంది", "మోకాలు బాధిస్తోంది". రాతలో బాధించు కాస్త గంభీరంగా వినిపిస్తుంది. సంభాషణలో "నన్ను బాధించకు" అని రాస్తే పాత నాటకంలా ఉంటుంది, "నన్ను బాధపెట్టకు" అనే రాయండి.

నొప్పికి ఇదే 'పెట్టు' తగిలితే కథ తిరగబడుతుంది. "కాలు నొప్పి పెడుతోంది", మాటల్లో "కాలు నొప్పెడుతోంది" అన్నప్పుడు కర్త కాలు, కర్మ లేనే లేదు. కాలే నొప్పిని పుట్టిస్తోంది, కాలే దాన్ని మోస్తోంది. "కాలు బాధపెడుతోంది" అనగానే "ఎవర్ని?" అన్న ప్రశ్న వస్తుంది, "నన్ను" అని జవాబు. రూపం చూడడానికి ఒకటే. నొప్పి ఒంట్లోనే మొదలై ఒంట్లోనే ఉంటుంది. బాధకి మాత్రం పెట్టేది ఒకటి, పడేది ఒకటి ఉండాలి.

ఏకవచనం, బహువచనం తేడా ఇంకా పెద్దది. "అత్త కోడల్ని బాధపెట్టింది" అంటే ఒక మాటో పనో మనసుకి తగిలింది. "అత్త కోడల్ని బాధలు పెట్టింది" అంటే రోజుల తరబడి హింసించింది. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం. మొదటి వాక్యం చదివినవాళ్ళు మాటపట్టింపు అనుకుంటారు. ఉద్దేశపూర్వకంగా, పదే పదే జరిగినదైతే "వేధించారు" అని రాయండి. దాంతో ఆగిపోకుండా ఏం చేశారో, ఎప్పుడు చేశారో, ఎన్నిసార్లు చేశారో కూడా రాయండి. ఎందుకంటే బాధ, వేధింపు రెండూ పేర్లే, జరిగిన పని వాటిలో కనబడదు. అలాగే "బాధపడ్డాడు" అంటే మనసులో, "బాధలు పడ్డాడు" అంటే బతుకులో.

తగ్గేటప్పుడూ క్రియలే దారి చూపిస్తాయి. బాధ తగ్గింది అంటే ఒంటికో మనసుకో తెలిసే తీవ్రత తగ్గింది. బాధ తీరింది అంటే కారణమే పోయింది, కొరత నిండింది: "కొళాయి వచ్చాక నీళ్ళ బాధ తీరింది". ఇక్కడ "తగ్గింది" అంటే ఇంకా కొంత ఉందనే అర్థం. బాధ తప్పింది అంటే చేయాల్సిన ఇబ్బంది పని ఇక చేయక్కర్లేదు: "రోజూ రెండు బస్సులు మారే బాధ తప్పింది". బాధ వదిలింది అంటే విసుగు తీరిన ఊపిరి. దీన్ని మనుషుల విషయంలో వాడితే మాట కటువవుతుంది. మంచాన పడ్డ పెద్దాయన పోయినప్పుడు "ఆయన బాధ తీరింది" అంటే ఆయన పడే యాతన ముగిసిందని, "ఆయన బాధ వదిలింది" అంటే ఆయనవల్ల మిగతావాళ్ళు పడేది ముగిసిందని. పరామర్శకి వెళ్ళి ఈ రెండో మాట నోరు జారితే ఆ ఇంటివాళ్ళు మరిచిపోరు.

ఇక నొప్పి. ఇది అచ్చ ద్రావిడ మాట. కన్నడంలో నోవు, తమిళంలో నోయ్ దీని చుట్టాలు. ఒంట్లో ఫలానా చోట అని వేలుపెట్టి చూపించగలిగితే నొప్పి. తలనొప్పి, కడుపునొప్పి, పంటినొప్పి అని అవయవంతో ఇట్టే అతుక్కుంటుంది. "తలబాధ" అనం. "మోకాళ్ళ బాధ" అంటాం కానీ, అది మోకాళ్ళ నొప్పితో సమానం కాదు. మెట్లెక్కలేకపోవడం, కింద కూర్చోలేకపోవడం, ఏళ్ళ తరబడి సాగే ఆ మొత్తం అవస్థ పేరు మోకాళ్ళ బాధ. నొప్పి దానిలో ఒక భాగం. నొప్పి మనసు దాకా వెళ్ళాలంటే క్రియ రూపం ఎత్తాలి: నొచ్చుకోవడం, నొప్పించడం. "ఆయన నొచ్చుకున్నారు" అన్నది "ఆయన బాధపడ్డారు" కన్నా సున్నితం, అందులో కాస్త అలక ఉంది, మన అన్నవాళ్ళు అన్నందుకు కలిగే నలత ఉంది. పరాయివాడు తిడితే నొచ్చుకోం, కోపం తెచ్చుకుంటాం.

డాక్టరు దగ్గర మాత్రం బాధ అన్న మాటని పక్కనపెట్టండి. "ఛాతీలో బాధగా ఉంది" అంటే వినేవాళ్ళకి ఏమీ తెలీదు. తెలుగులో నొప్పి రకాలకి విడివిడిగా మాటలున్నాయి, అవి వాడితే సగం పరీక్ష అక్కడే అయిపోతుంది. పొడిచినట్టు వస్తే పోటు, ఆ మాట పొడవడం నుంచే వచ్చింది. గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి లాగితే సలుపు, పుండు సలుపుతుంది, గోరుచుట్టు సలుపుతుంది. నడిచి నడిచి కాళ్ళు పీకుతాయి. నరం గుంజుతుంది. జ్వరం ముందు ఒళ్ళంతా తీపులు. పుల్లతేన్పులతో వచ్చేది మంట. కడుపులో తిప్పి పిండినట్టుంటే మెలిపెట్టడం. ఛాతీలో బరువు పెట్టినట్టు, పట్టేసినట్టు ఉండి చెమటలు పడుతుంటే, ఎడమ చేతికో దవడకో పాకుతుంటే ఆ మాటల్లోనే చెప్పి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. దాన్ని "మంట" అనో "గ్యాసు బాధ" అనో చెబితే వినేవాళ్ళ ఆలోచన వేరే దారి పడుతుంది. ఒక జాగ్రత్త: "కడుపులో మంట" రోగం, "కడుపుమంట" అసూయ లేదా లోపల రగిలే ఉక్రోషం. అనువాదాల్లో ఈ రెండూ తారుమారవడం మామూలే.

కష్టం గురించి ఒక్క వాక్యం మూడు రూపాల్లో రాస్తే సరిపోతుంది. "కష్టపడి చదివాడు." "కష్టాలు పడి చదివాడు." "బాధపడుతూ చదివాడు." మొదటిది శ్రమ, మెచ్చుకోలు. రెండోది పేదరికం, దూరం, ఆకలి. మూడోది ఇష్టంలేని చదువు, లేదా మనసులో వేరే దిగులు. కష్టపడడంలో గౌరవం ఉంది, అందుకే కష్టార్జితం, కష్టజీవి అన్న మాటలు పుట్టాయి. బాధతో అలాంటి మాటలు పుట్టలేదు. వేరే భాషలో "జీవితమంతా కష్టాలనుభవించాడు" అన్న అర్థంలో ఉన్నదాన్ని "జీవితమంతా కష్టపడ్డాడు" అని తెనిగిస్తే అతను ఓర్చినవాడల్లా శ్రమించినవాడవుతాడు.

దుఃఖం మన వాడుకలో కన్నీటికి దగ్గరగా జరిగింది. "దుఃఖం ఆపుకోలేకపోయింది" అంటే ఏడ్చేసిందని. గొంతులో దుఃఖం అడ్డుపడుతుంది, బాధ అడ్డుపడదు. బాధని రోజంతా మోస్తూ పనులు చేసుకోవచ్చు, దుఃఖం పొంగితే పని ఆగుతుంది. ఒక్క చోట మాత్రం దుఃఖాన్ని బాధగా మార్చొద్దు, అది బౌద్ధం. నాలుగు ఆర్యసత్యాల్లో మొదటిది దుఃఖం. అది కన్నీళ్ళ పేరూ కాదు, ఎవరో పెట్టే ఒత్తిడి పేరూ కాదు. పుట్టుక, ముసలితనం, రోగం, చావు, కోరింది దొరక్కపోవడం, అన్నిటినీ కలుపుకున్న పారిభాషిక పదం. "జీవితం బాధామయం" అని అనువదిస్తే నిట్టూర్పులా వినిపిస్తుంది, సిద్ధాంతం జారిపోతుంది.

అదే బౌద్ధంలో వేదన అంటే వట్టి అనుభూతి. సుఖవేదన కూడా ఉంటుంది. 'విద్' అంటే తెలియడం, దాన్నుంచి వచ్చిన మాట. తెలుగులో అది లోపల నలిగే బాధకే పరిమితమైంది. మనోవేదన, ప్రసవవేదన. ఆవేదనకి ఇంకా చిత్రమైన దారి: మూలంలో తెలియజేయడం అని అర్థం, హిందీలో ఆవేదన్ అంటే ఇప్పటికీ దరఖాస్తు. మనకి మాత్రం అది గొంతు విప్పిన వేదన. "ఆవేదన వ్యక్తం చేశారు" అని పత్రికలు రాయడంలో ఆ పాత అర్థం తెలీకుండానే పలుకుతోంది. కాబట్టి లోలోపల ఉంటే వేదన, నలుగురికీ చెప్పుకుంటే ఆవేదన అని పెట్టుకుంటే తప్పు పోదు.

తక్కినవి త్వరగా చూద్దాం. యాతన శిక్షలాంటి బాధ, నరకంతో, యముడితో వచ్చిన మాట, చిన్న విషయానికి వాడితే అతిగా ఉంటుంది. వ్యథ కవిత్వానికీ శీర్షికలకీ సరిపోతుంది, మాటల్లో అరుదు. దాని తద్భవం వెత ఇంకా చక్కగా ఇముడుతుంది, "రైతుల వెతలు" అన్నప్పుడు చూడండి. పీడ బయటిది, వదిలించుకోవాల్సింది, అందుకే పీడ విరగడవుతుంది. పాట్లు, తిప్పలు, అగచాట్లు పనిలో పడేవి, అందులో తిరుగుడు ఉంటుంది. కార్యాలయాల చుట్టూ పడేవి తిప్పలు, వాటిని బాధలు అంటే ఆ తిరుగుడు కనపడదు. అవస్థ సంస్కృతంలో స్థితి మాత్రమే, మెలకువ, కల, గాఢనిద్ర అని అవస్థలు మూడు. వృద్ధావస్థ అన్నప్పుడు ఆ అర్థం నిలిచే ఉంది, "ఏమిటీ అవస్థ" అన్నప్పుడు పోయింది. తాపత్రయం కూడా అంతే. ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం అని మూడు తాపాల పేరు అది. ఇప్పుడు "పిల్లలకేదో చేయాలని తాపత్రయపడుతున్నాడు" అంటే ఆరాటం. పాత వేదాంత గ్రంథంలో తాపత్రయం కనిపిస్తే ఆరాటం అనుకోకండి.

పత్రికా భాషలో బాధితులు, బాధపడుతున్నవారు అన్న మాటల మీద కాస్త పట్టు ఉండాలి. వరద బాధితులు, అగ్నిప్రమాద బాధితులు సరైనవే, బయటినుంచి వచ్చి పడింది కదా. కానీ ప్రతి రోగినీ బాధితుణ్ణి చేయక్కర్లేదు, క్షయ రోగి అంటే చాలు. చూపులేనివాళ్ళని "అంధత్వంతో బాధపడుతున్న" అని, ఆటిజం ఉన్న పిల్లల్ని "ఆటిజంతో బాధపడుతున్న" అని రాయడం ఒక అలవాటుగా పాకింది. వాళ్ళు బాధపడుతున్నారని మనకెవరు చెప్పారు? 'ఉన్న', 'లేని' అన్న రెండు చిన్న మాటలున్నాయి, వాటితో పని జరుగుతుంది.

క్షమాపణలోనూ క్రియని గమనించండి. "మీకు బాధ కలిగించాను, క్షమించండి" అంటే చేసినవాడు వాక్యంలో ఉన్నాడు. "మీకు బాధ కలిగి ఉంటే క్షమించండి" అంటే చేసినవాడు మాయమయ్యాడు, పైగా కలిగిందో లేదో కూడా అనుమానమే. నిజంగా తప్పు ఒప్పుకునేవాళ్ళు మొదటిదే రాయాలి. పరామర్శలో "మీ నష్టానికి చింతిస్తున్నాను" అన్నది తెలుగు కాదు, వ్యాపారంలో నష్టం వచ్చినవాళ్ళకి చెప్పినట్టుంటుంది. "విని చాలా బాధేసింది", "ఎంత కష్టం వచ్చిందండీ", "ధైర్యంగా ఉండండి" అన్నవే ఇళ్ళల్లో పలికే మాటలు. లిఖితంగా అయితే మరణానికి సంతాపం, కుటుంబానికి సానుభూతి. కుటుంబానికి సంతాపం తెలిపితే వాళ్ళే పోయినట్టు వినిపించే ప్రమాదం ఉంది.

చివరిగా అక్షరదోషం, ఇది ప్రతిరోజూ కనిపిస్తోంది. భాద, భాధ, బాద, ఈ మూడూ తప్పే. మొదటి అక్షరం వట్టి బ, రెండోది ఒత్తున్న ధ. మామూలు మాటల్లో ఒత్తులు సరిగా పలకం, ఎక్కడో ఒత్తుందని మాత్రం గుర్తుంటుంది, అది రాసేటప్పుడు ముందుకి దూకేస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒక ఆధారం ఉంది. సంస్కృత ధాతువుల్లో మొదటా చివరా రెండు చోట్లా ఒత్తక్షరాలు రాకపోవడం సాధారణ నియమం. అందుకే బంధం, బోధ, బుద్ధి, బాధ, అన్నిట్లో మొదట వట్టి బ, ఒత్తు తర్వాతి అక్షరానికి. భేదం, భద్రం లాంటి వాటిలో ఒత్తు మొదటే అయిపోయింది కాబట్టి తర్వాత వట్టి ద. బాధ్యత, బాధితుడు, బాధించు కూడా బాధ లాగే. భాద్యత అని ఫోను సూచించినా తీసుకోవద్దు. వ్యథలో ఉన్నది థ, ధ కాదు. దుఃఖంలో విసర్గ వదలకూడదు. ఇంకోటి, బాధకరం అని రాస్తున్నారు, అది బాధాకరం. సంస్కృతంలో ఈ మాట బాధా అని దీర్ఘంతో ముగుస్తుంది, తెలుగులోకి వచ్చేటప్పుడు కురచయింది. సంస్కృత సమాసంలోకి వెళ్ళగానే దీర్ఘం తిరిగొస్తుంది, సీత సీతాపతిలో సీతా అయినట్టే.

మీ అనువాదంలో తెలంగాణ పాత్రలుంటే ఒక సంగతి. అక్కడ బాధ ఉంది, "బాధయితంది" అంటారు. కానీ బతుకంతా నలిగిన దానికి వాళ్ళ నోట వచ్చే మాట గోస. గోస పడతారు, గోస పెడతారు, మరీ మితిమీరితే అరిగోస. "నా గోస ఎవలకు చెప్పుకోవాలె" అన్న చోట బాధ పెడితే వాక్యం అర్థమవుతుంది, మనిషి మాత్రం వేరే ఊరివాడైపోతాడు. గోసకి బాధలాగే పడడం, పెట్టడం రెండూ ఉన్నాయి, వేయడం లేదు. చిన్న నలతకి, ఒక్కసారి గుండె చివుక్కుమన్నదానికి గోస అనరు, అక్కడ బాధే.